రెట్టింపైతే ఎంత? కూడితే ఎంత?

మూడు అంకెలతో మొదలుపెడదాం: 1.2 సెంటీమీటర్లు, 19 సెంటీమీటర్లు, 97 సెంటీమీటర్లు.

2024 సెప్టెంబరు 1న కుండపోత వానకు ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య రైలు కట్ట కోసుకుపోయింది. కాజీపేట నుంచి డోర్నకల్ మీదుగా విజయవాడ వెళ్లే బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి. కట్ట పోయిన చోట పట్టాలు మాత్రం తెగలేదు. స్లీపర్లను మోస్తూ గాలిలో వేలాడాయి.

అలా వేలాడే పట్టా తన బరువుకే ఎంత కుంగుతుందో లెక్క కట్టవచ్చు. మెయిన్ లైన్లలో వేసే పట్టా మీటరుకు 60 కిలోలు ఉంటుంది. దాని వాటాకు వచ్చే కాంక్రీటు స్లీపర్ల బరువు కూడా కలిపితే మీటరుకు ఇంచుమించు 300 కిలోలు. రెండు చివరలూ గట్టిగా పట్టి ఉన్నాయనుకుందాం. గండి 10 మీటర్లయితే పట్టా నడుమ 1.2 సెం.మీ. కుంగుతుంది. 20 మీటర్లయితే 19 సెం.మీ. కుంగుతుంది. 30 మీటర్లయితే లెక్క 97 సెం.మీ. చూపిస్తుంది, అంటే దాదాపు ఒక మీటరు. గండి రెట్టింపైతే కుంగుబాటు 16 రెట్లు పెరిగింది, మూడింతలైతే 81 రెట్లు పెరిగింది. రెండును నాలుగుసార్లు వేసి గుణిస్తే 16, మూడును నాలుగుసార్లు వేసి గుణిస్తే 81. ఈ నాలుగు ఎక్కణ్నుంచి వచ్చిందంటే, పట్టా వంగడాన్ని చెప్పే పాక్షిక అవకలన సమీకరణం ఆర్డర్ నాలుగు.

డిగ్రీ చదివినవాళ్లకు ఇది రెండు మార్కుల ప్రశ్నగా గుర్తుండి ఉంటుంది. సమీకరణం ఇస్తారు. దాని ఆర్డర్ ఎంత, లీనియరా కాదా రాయమంటారు. చూసి గుర్తుపట్టి, రాసి, మర్చిపోతాం. ఆ రెండు మాటలూ పేరు పెట్టడానికే పుట్టాయన్నట్టు పాఠం సాగుతుంది. నిజానికి అవి చాలా పనికొచ్చే రెండు ప్రశ్నలకు జవాబులు. కొలత రెట్టింపైతే ఫలితం ఎన్ని రెట్లవుతుందన్న ప్రశ్నకు ఆర్డర్ దారి చూపిస్తుంది. రెండు కారణాలు ఒకేసారి పనిచేస్తే వాటి ఫలితాలను విడివిడిగా లెక్కగట్టి కూడవచ్చా అన్నదానికి లీనియారిటీ జవాబు చెబుతుంది. ఆ రైలు దారిలోని డోర్నకల్ చుట్టూ ఒకసారి తిరిగితే ఈ వర్గీకరణలో దాదాపు ప్రతి గడికీ ఒక ఉదాహరణ దొరుకుతుంది.

ముందు ఆర్డర్ సంగతి చూద్దాం. నది లోతు ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతుంది, ఒక గంట నుంచి ఇంకో గంటకు కూడా మారుతుంది. గంట ఆపి చోటు మార్చినప్పుడు వచ్చే మార్పు ఒకటి, చోటు ఆపి గంట మార్చినప్పుడు వచ్చే మార్పు ఒకటి. వీటిని పాక్షిక అవకలజాలంటారు. వీటి మధ్య ఉన్న సంబంధమే పాక్షిక అవకలన సమీకరణం. మార్పు రేటు మొదటి మెట్టు, అంటే వాలు. వాలులో మార్పు రెండో మెట్టు, అంటే వంపు. వంపులో మార్పు మూడోది, ఆ మార్పులో మార్పు నాలుగోది. సమీకరణంలో అన్నిటికన్నా పై మెట్టు ఏదో అదే దాని ఆర్డర్. ఇక్కడ విద్యార్థులు పొరపడే చోటు ఒకటుంది. వాలును తీసుకొచ్చి వర్గం చేస్తే అది రెండో ఆర్డర్ అయిపోదు. మొదటి ఆర్డరే, కాకపోతే నాన్‌లీనియర్. ఎన్నిసార్లు అవకలనం చేశామన్నది ఆర్డర్, ఎన్నిసార్లు గుణించామన్నది వేరే సంగతి.

పట్టాకు నాలుగు ఎలా వచ్చిందో ఇప్పుడు చెప్పుకోవచ్చు. ఉక్కు తనను వంచినప్పుడు వంపుకు తగ్గట్టు ఎదురు తిరుగుతుంది. కాబట్టి లోపలి బిగువు రెండో మెట్టు. ఆ బిగువు పట్టా వెంట ఎలా మారుతోందో అది కోత బలం, మూడో మెట్టు. ఆ కోత బలం ఎలా మారుతోందో అది మీద పడ్డ బరువుకు సమానం కావాలి, నాలుగో మెట్టు. 18వ శతాబ్దంలో ఆయిలర్, డేనియల్ బెర్నూలీ కట్టిన లెక్క ఇది.

మొదటి ఆర్డర్: మున్నేరు వరద

పాకాల చెరువు దగ్గర పుట్టే మున్నేరు మహబూబాబాద్ జిల్లా దాటి ఖమ్మం మీదుగా కృష్ణలో కలుస్తుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజు ఖమ్మంలో దాని ఒడ్డున ఉన్న కాలనీలు మునిగాయి. పైన ఎక్కడో ఉన్న వరద కిందికి ఎంతసేపట్లో వస్తుందన్నదే అప్పుడు అందరి ప్రశ్న.

నదుల్లో నీటి నడకకు ఫ్రాన్సు ఇంజినీరు సెయింట్-వెనాంట్ 1871లో సమీకరణాలు రాశాడు. ఆ సమీకరణాలను కాస్త కుదిస్తే ఒకే ఒక్క మొదటి ఆర్డర్ సమీకరణం మిగులుతుంది. ఇంగ్లండులో లైట్‌హిల్, విథమ్ 1955లో దీని మీద జంట వ్యాసాలు వెలువరించారు. మొదటిది పొడవాటి నదుల్లో వరద గురించి, రెండోది రద్దీ రోడ్ల మీద వాహనాల గురించి. నదికి పనికొచ్చిన సమీకరణమే రైల్వే గేటు దగ్గర నిలిచిన బండ్ల వరుసకూ పనికొచ్చింది.

మొదటి ఆర్డర్ సమీకరణం స్వభావం ఏమిటంటే, సమాచారం ఒక వేగంతో సాగిపోతుంది. దూరం రెట్టింపైతే సమయం కూడా రెట్టింపే. వరద వేగం నీటి వేగానికి సమానమని అందరూ అనుకుంటారు, అది సరికాదు. వెడల్పాటి నదిలో వరద అల నీటికన్నా మూడింట ఐదు వంతుల వేగంతో, అంటే 1.67 రెట్లు వేగంగా పోతుంది. నీటిలో తేలే కొమ్మ ఊరు చేరేసరికే నీటి మట్టం పెరిగిపోయి ఉంటుంది.

కిలోమీటరుకు ఒక మీటరు వాలున్న ఏరు అనుకుందాం. లోతు 1 మీటరు ఉన్నప్పుడు నీరు సెకనుకు 0.9 మీటర్లు నడిస్తే అల 1.5 మీటర్లు పోతుంది, గంటకు 5.4 కి.మీ. ముప్పై కిలోమీటర్లు పోవడానికి 5 గంటల 33 నిమిషాలు. ఇప్పుడు లోతు 8 మీటర్లయిందనుకోండి. నీటి వేగం 8 రెట్లు కాదు, 4 రెట్లవుతుంది. అల వేగం గంటకు 21.6 కి.మీ. అదే ముప్పై కిలోమీటర్లకు 1 గంట 23 నిమిషాలు చాలు. అంటే చిన్న అల బయలుదేరిన 4 గంటల తర్వాత పెద్ద అల బయలుదేరినా, దారిలోనే దాన్ని దాటి పది నిమిషాలు ముందే చేరాలి. కానీ నీటి మీద నీరు దాటిపోవడం ఉండదు. వెనకది వచ్చి ముందుదాన్ని తగులుకుంటుంది, అల ముఖం నిటారుగా లేస్తుంది. వాగు ఒక్కసారిగా వచ్చి పడిందని ఊళ్లో చెప్పే మాటకు ఇదొక కారణం. సమీకరణంలో వేగం అనే గుణకం లోతు మీదే ఆధారపడింది, ఆ లోతే మనం కనుక్కోవాల్సిన సంగతి. ఇది నాన్‌లీనియారిటీ. దాని దగ్గరికి మళ్లీ వస్తాం.

రెండో ఆర్డర్: రాతి గోడ, రైలు చప్పుడు

డోర్నకల్ పేరు చెప్పగానే రైల్వే జంక్షన్ తర్వాత గుర్తొచ్చేది 1939లో ప్రతిష్ఠ జరిగిన ఎపిఫనీ కెథెడ్రల్. భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్ అజరయ్య కట్టించింది. అలాంటి పాత కట్టడాల్లో మిట్ట మధ్యాహ్నం చల్లగా ఎందుకుంటుందో ఫోరియర్ 1822లో అచ్చు వేసిన ఉష్ణ సమీకరణం చెబుతుంది. ఉష్ణోగ్రత కాలంతో మారే వేగం, గోడ మందం వెంట ఉష్ణోగ్రత రేఖకు ఉన్న వంపుకు అనుపాతంలో ఉంటుంది. వంపు రెండో మెట్టు, కాబట్టి రెండో ఆర్డర్.

బయట పగటికీ రాత్రికీ 20 డిగ్రీల తేడా ఉందనుకుందాం. మామూలు రాయిలో 25 సెం.మీ. లోపలికి పోతే ఆ తేడా 4.4 డిగ్రీలకు తగ్గుతుంది. 50 సెం.మీ. పోతే 1 డిగ్రీ. అంతకన్నా తమాషా ఏమిటంటే ఆలస్యం. మధ్యాహ్నం 2 గంటలకు బయట ఎండ ఎక్కువైతే, ఆ వేడి అర మీటరు లోపలికి చేరేది రాత్రి ఒకటిన్నరకు. అప్పటికి బయట చల్లబడిపోయి ఉంటుంది.

రెండో ఆర్డర్ గుర్తు ఇక్కడ వర్గం రూపంలో కనిపిస్తుంది. నేలలో వేడి 10 సెం.మీ. పాకడానికి సుమారు ఐదున్నర గంటలు పడితే, 1 మీటరు పాకడానికి పదింతలు కాదు, వంద రెట్లు పడుతుంది, అంటే 23 రోజులు. పది మీటర్లకు ఆరేళ్లు దాటుతుంది. దూరం పది రెట్లైతే కాలం వంద రెట్లు. తిరగేసి చూసినా అంతే. సంవత్సరం అనేది రోజుకు 365 రెట్లు. 365కు వర్గమూలం 19 చిల్లర. కాబట్టి ఎండాకాలం, చలికాలం తేడా రోజువారీ తేడాకన్నా 19 రెట్లు లోతుకు దిగుతుంది.

అయితే ఆర్డర్ రెండు అనగానే వర్గం అనుకోవద్దు. పట్టాలో చప్పుడు ప్రయాణించడాన్ని చెప్పే తరంగ సమీకరణం కూడా రెండో ఆర్డరే. అందులో దూరం వైపు రెండు మెట్లు, కాలం వైపు కూడా రెండు మెట్లు. రెండు పక్కలా రెండు ఉంటే వర్గాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, దూరం రెట్టింపైతే కాలం రెట్టింపే. ఉక్కులో చప్పుడు సెకనుకు 5,100 మీటర్లు పోతుంది, గాలిలో 340. కిలోమీటరు అవతల పట్టా మీద సుత్తి దెబ్బ పడితే పట్టాలోంచి 0.2 సెకన్లలో, గాలిలోంచి 2.9 సెకన్లలో వినబడుతుంది. (పట్టాకు చెవి ఆనించి పరీక్షించే సాహసం ఎవరూ చేయవద్దు.) అందుకే రెండో ఆర్డర్ సమీకరణాలను గణితజ్ఞులు మళ్లీ మూడుగా విడగొట్టారు: గోడలో వేడిలాంటివి పారాబోలిక్, పట్టాలో చప్పుడులాంటివి హైపర్‌బోలిక్, కాలంతో పని లేకుండా నిలకడకు వచ్చినవి ఎలిప్టిక్. గుణకాలతో కట్టే ఒక చిన్న విచక్షణి సున్నానా, ధనమా, రుణమా అన్నదాన్నిబట్టి ఆ పేరు తేలుతుంది.

మూడో ఆర్డర్ డోర్నకల్‌లో నాకు కనిపించలేదు. దానికి స్కాట్లండు పోవాలి. 1834లో అక్కడి కాలవలో చెదరకుండా ఒకటి రెండు మైళ్లు సాగిన ఒంటరి అలను జాన్ స్కాట్ రస్సెల్ గుర్రమెక్కి వెంబడించాడు. దానికి తగిన మూడో ఆర్డర్ సమీకరణం 1895లో కోర్టెవెగ్, ది వ్రీస్ పేర్ల మీద వచ్చింది.

నాలుగో ఆర్డర్ దగ్గరికి మళ్లీ వెళ్దాం, ఈసారి కట్ట చెక్కుచెదరని చోట. కొత్తగూడెం వైపు నుంచి బొగ్గు నింపుకుని వచ్చే వ్యాగన్ చక్రం ఒక్కొక్కటి దాదాపు 11 టన్నుల బరువు మోపుతుంది. కంకర మంచి స్థితిలో ఉంటే ఆ చక్రం కింద పట్టా 2 మి.మీ. కన్నా కాస్త తక్కువ దిగుతుంది. పట్టా కింద పరుపు ఉన్నట్టు భావించి లెక్క కట్టే ఈ పద్ధతి వింక్లర్‌ది, 1867 నాటిది. ఇందులో ఒక చిత్రమైన జవాబు వస్తుంది. చక్రానికి 3 మీటర్ల ముందు పట్టా దిగదు, పైకి లేస్తుంది. ఎంతంటే 0.08 మి.మీ. వెంట్రుక మందమే కావచ్చు, కానీ ప్రతి చక్రం ముందూ, ప్రతి చక్రం వెనకా పట్టా ఇలా లేచి పడుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి ఈ లేచి పడటం కూడా కంకర వదులవడానికి ఒక కారణం.

కూడవచ్చా?

ఇక రెండో ప్రశ్న. బొగ్గు వ్యాగన్ బోగీలో రెండు ఇరుసుల మధ్య దూరం 2 మీటర్లు. మొదటి చక్రం కింద పట్టా 1.9 మి.మీ. దిగింది. రెండో చక్రం వల్ల అదే చోట మరో 0.09 మి.మీ. దిగింది. రెండూ ఒకేసారి ఉంటే ఎంత? 1.99 మి.మీ. కిరాణా కొట్టు చిట్టాలో పద్దులు కూడినట్టు కూడేయడమే. బరువు రెట్టింపైతే దిగుడు రెట్టింపు. లీనియర్ అంటే ఇంతే: తెలియని రాశీ, దాని అవకలజాలూ ఒక్కొక్కటీ విడిగా, మొదటి ఘాతంలోనే ఉండాలి. ఒకదాన్నొకటి గుణించుకోకూడదు. తెలుగు పాఠాల్లో ఏకఘాత సమీకరణం అనేది ఇందుకే.

గోడలో వేడి లెక్క కూడా ఇలాంటిదే. రోజువారీ ఎండను విడిగా, ఋతువుల తేడాను విడిగా లెక్కగట్టి చివర్లో కలపవచ్చు, ఆ సౌకర్యం లీనియర్ కావడం వల్లే వచ్చింది. ఫోరియర్ పద్ధతి మొత్తం ఈ ఒక్క ధైర్యం మీద నిలబడింది.

ఒక అనుమానం తరచుగా వస్తుంది. చెల్క నేలలో వేడి ఒకలా పాకుతుంది, నల్లరేగడిలో ఇంకోలా. చోటును బట్టి గుణకం మారితే సమీకరణం నాన్‌లీనియర్ అవుతుందా? అవదు. గుణకం చోటు మీద ఎంత వంకరగా ఆధారపడినా ఫరవాలేదు, తెలియని రాశి మీద ఆధారపడకపోతే చాలు. అదే నేలలో నీరు ఇంకడం చూడండి. తడి నేల నీటిని సులువుగా పోనిస్తుంది, ఎండిన నేల వేల రెట్లు తక్కువగా పోనిస్తుంది. ఇక్కడ గుణకం తేమ మీద ఆధారపడింది, తేమే మనం కనుక్కోవాల్సింది. రిచర్డ్స్ 1931లో రాసిన ఈ సమీకరణం అందుకే నాన్‌లీనియర్.

నాన్‌లీనియర్‌లోనూ ముదురు, లేత ఉన్నాయి. లేతది సెమీలీనియర్. అందులో పై మెట్టు అవకలజాలు బుద్ధిగానే ఉంటాయి, కింది మెట్లలో మాత్రం గుణకారాలు చొరబడతాయి. 2021-22లో ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాల మిర్చి తోటలను నల్ల తామర పురుగు తినేసింది గుర్తుందా? పురుగు పక్క చేలకు పాకడం రెండో ఆర్డర్, వేడి పాకినట్టే. కానీ పురుగు పిల్లల్ని కూడా పెడుతుంది. ఉన్న పురుగుల సంఖ్యను బట్టి పెరుగుదల, తిండి అయిపోతే ఆగిపోవడం. ఈ పెరుగుదల పదంలో సంఖ్య తనను తానే గుణించుకుంటుంది. 1937లో ఇంగ్లండులో ఫిషర్, రష్యాలో కొల్మగోరొవ్ బృందం విడివిడిగా దీన్ని సాధించారు. ముట్టడి అంచు సమానమైన వేగంతో ముందుకు జరుగుతుందని తేల్చారు. ఆ వేగం, పెరుగుదల రేటునూ పాకే రేటునూ గుణించి వర్గమూలం తీసి రెట్టింపు చేస్తే వస్తుంది. మచ్చుకు రోజుకు 0.1 పెరుగుదల, రోజుకు 0.01 చదరపు కి.మీ. పాకుడు అనుకుంటే అంచు రోజుకు 63 మీటర్లు జరుగుతుంది. మందు కొట్టి పెరుగుదలను నాలుగో వంతుకు తెచ్చినా వేగం సగమే తగ్గుతుంది. రైతుకు ఇది చేదు వార్తే.

మధ్యరకం క్వాజీలీనియర్. పై మెట్టు అవకలజం మొదటి ఘాతంలోనే ఉంటుంది కానీ దాని గుణకం తెలియని రాశి చేతిలో ఉంటుంది. మున్నేరు వరద ఇలాంటిదే. లోతే వేగాన్ని నిర్ణయించింది, వేగం లోతును మార్చింది.

పూర్తి నాన్‌లీనియర్‌లో పై మెట్టు అవకలజాలే ఒకదాన్నొకటి గుణించుకుంటాయి. సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనుల్లో బొగ్గు మీదున్న మట్టిని, అక్కడివాళ్లు ఓబీ అంటారు, తవ్వి వేరేచోట గుట్టలుగా పోస్తారు. ఏ గుంత మట్టి ఏ గుట్టకు పంపితే మొత్తం రవాణా తక్కువలో తేలుతుంది? ఫ్రాన్సులో గస్పార్ మోంజ్ 1781లో వేసింది అచ్చంగా ఈ మట్టి ప్రశ్నే. రవాణా ఖర్చును దూరానికి వర్గంగా లెక్క వేస్తే జవాబు మోంజ్-అంపేర్ సమీకరణంలో దొరుకుతుంది. అందులో ఒక దిక్కు వంపును ఇంకో దిక్కు వంపుతో గుణిస్తారు. తెలియని రాశిని రెట్టింపు చేసి చూడండి, ఆ లబ్ధం నాలుగు రెట్లవుతుంది. కూడటం, విడగొట్టడం అనే మాటలు ఇక్కడ చెల్లవు.

పట్టా దగ్గర చెప్పిన 97 సెం.మీ. లెక్కను ఇప్పుడు సవరించాలి. ఆ సమీకరణం లీనియర్ కావడానికి ఒక షరతుంది: పట్టా వాలు చాలా స్వల్పంగా ఉండాలి. సెంటీమీటరు కుంగినప్పుడు ఆ షరతు చెల్లుతుంది. మీటరు కుంగితే చెల్లదు. అంత వేలాడిన పట్టా తాడులా బిగుసుకుని కొంత బరువును లాగుడుతో మోస్తుంది, ఉక్కు కూడా తిరిగి రానంతగా వంగుతుంది. కాబట్టి 97 అనేది సరైన సమీకరణాన్ని దాని హద్దు దాటించి వాడితే వచ్చిన అంకె. ఎండాకాలంలోనూ ఇదే గొడవ. అతుకుల్లేకుండా పొడవుగా వెల్డింగ్ చేసిన పట్టాలో ఒక్కో డిగ్రీ వేడికి 1.9 టన్నుల ఒత్తిడి పెరుగుతుంది. ముప్పై డిగ్రీలకు 57 టన్నులు. ఎంత ఒత్తిడికి పట్టా మెలిక తిరుగుతుందో లీనియర్ సమీకరణం చెప్పగలదు. మెలిక తిరిగాక ఎంత దూరం పక్కకు పోతుందో మాత్రం చెప్పలేదు.

లీనియర్ సమీకరణాలకు మన పుస్తకాల్లో ఉన్న పెద్దపీట ప్రకృతి ఇచ్చింది కాదు. అవి సాధించడానికి వీలుగా ఉంటాయి కాబట్టి మనమే వేశాం. ఈ మొగ్గును ఎదిరించినవాళ్లలో ఒక తెలుగువాడు ఉన్నాడు. ఉస్మానియాలో పరిశోధన చేసి అమెరికా వెళ్లిన వంగిపురం లక్ష్మీకాంతం, సమీకరణాన్ని సాధించలేకపోయినా దాని జవాబు ఏ హద్దుల మధ్య ఉంటుందో అసమానతలతో పట్టుకోవచ్చని పుస్తకాల మీద పుస్తకాలు రాశాడు. నాన్‌లీనియర్ గణితం కోసమే 1976లో ఒక అంతర్జాతీయ పత్రికను స్థాపించాడు. తోటి గణితజ్ఞురాలు లీలతో కలిసి 1969లో వేసిన రెండు సంపుటాల్లో రెండోదానిలో పాక్షిక అవకలన సమీకరణాలకు చోటిచ్చాడు.

మూడు బావుల లెక్క

లీనియర్, నాన్‌లీనియర్ తేడా బుర్రకు బాగా ఎక్కేది వ్యవసాయ బావుల దగ్గర. డోర్నకల్ చుట్టుపక్కల కింద గట్టి రాయి, దాని మీద కొన్ని మీటర్ల మెత్తబడిన పొర. తవ్వుడు బావుల ఊట ఆ పొరలోంచే వస్తుంది. రాష్ట్రంలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలయ్యాక మోటర్లు ఆగకుండా నడవగలిగాయి. కాబట్టి నీటి మట్టం ఒక నిలకడకు వచ్చిందని అనుకుని లెక్క వేయడం అసంబద్ధమేమీ కాదు.

మధ్యలో వాడకంలో లేని ఒక పాత బావి ఉందనుకుందాం. అందులో రాతి మీద 10 మీటర్ల నీళ్లున్నాయి. దానికి సమాన దూరంలో మూడు మోటరు బావులు. ఒక్క మోటరు నడిస్తే పాత బావిలో నీళ్లు 2 మీటర్లు దిగి 8 మీటర్ల దగ్గర నిలుస్తాయి. రెండు నడిస్తే? మూడు నడిస్తే?

నీరు రెండు గట్టి పొరల మధ్య ఒత్తిడిలో ఉంటే సమీకరణం లీనియర్. థీస్ 1935లో ఇచ్చిన సూత్రం దానికే. అప్పుడు 2, 4, 6 అని కూడుకుంటూ పోవచ్చు, మూడు మోటర్లు నడిచినా 4 మీటర్లు మిగులుతాయి. కానీ తవ్వుడు బావి పొర పైన తెరిచే ఉంటుంది. నీళ్లు దిగినకొద్దీ నీరు పారే పొర మందమే తగ్గిపోతుంది. తక్కువ మందంలోంచి అంతే నీటిని లాగాలంటే వాలు పెరగాలి, వాలు పెరగాలంటే నీళ్లు ఇంకా దిగాలి. గుణకంలోనే తెలియని రాశి కూర్చుంది: బూసినెస్క్ సమీకరణం, రెండో ఆర్డర్, క్వాజీలీనియర్. ఇక్కడ నీటి ఎత్తులు కూడితే తప్పు. అయితే నిలకడ స్థితిలో ఒక కిటుకుంది. ఎత్తు బదులు ఎత్తు వర్గాన్ని తెలియని రాశిగా తీసుకుంటే సమీకరణం లీనియర్ అయిపోతుంది. అంటే ఎత్తులను కూడలేం, వర్గాలను కూడగలం.

మొదట 10 వర్గం 100. ఒక్క మోటరు నడిచాక 8 వర్గం 64. ఒక మోటరు తీసుకున్నది 36. రెండు నడిస్తే 72 పోయి 28 మిగులుతుంది. దాని వర్గమూలం 5.3 మీటర్లు. నీళ్లు దిగింది 4 కాదు, 4.7. తేడా చిన్నదే, పొలంలో ఎవరూ పట్టించుకోరు. మూడోది వేస్తే 108 కావాలి. ఉన్నది 100.

లీనియర్ లెక్క 4 మీటర్ల నీళ్లు మిగులుతాయన్న చోట అసలు లెక్క నీళ్లే లేవంటోంది. నిజానికి అంతకుముందే మోటరు బావుల్లో ఊట సరిపోక మోటర్లు గాలి పీలుస్తాయి, ఎందుకంటే లాగే చోట మట్టం పాత బావిలో కన్నా ఇంకా కింద ఉంటుంది. పాత బావి దగ్గర లెక్క సున్నా దాటాలన్నా మొదటి మట్టం 108కి వర్గమూలం అంత ఉండాలి. అది 10.39 మీటర్లు. అంటే వానాకాలంలో ఊట ఇంకో 39 సెంటీమీటర్లకు పైగా పెరగాలి, లేదా మూడో రైతు కొన్ని గంటలు మోటరు ఆపుకోవాలి.